సుత్తులు ఆగినప్పుడు

ఆ వేసవిలో మా ఉడతను పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లింది జబ్బు చేసి కాదు. ఏడాదిన్నర దాటాక వేసే సూది ఒకటి మిగిలి ఉంది. అది వేయించి, బరువు తూయించి, పొడవు కొలిపించుకుని భోజనాల వేళకి ఇల్లు చేరదామని బయల్దేరాం. అత్తయ్య పొయ్యి మీది కూరను సగం ఉడకగానే దించేసి, మిగతా సగం వచ్చాక ఉడికిస్తానని మూత పెట్టి మరీ వచ్చింది. మా దృష్టిలో అంత చిన్న పని అది.

ఉడత మా అమ్మాయి. దానికి వేరే పేరుంది గానీ, ఒకచోట కుదురుగా ఉండదు, దొరికినదల్లా బుగ్గన పెట్టుకుంటుంది. అందుకని ఇంటిల్లిపాదికీ ఉడతే అయిపోయింది.

డాక్టరమ్మ పెద్దావిడ. తన చేతులు చల్లగా ఉంటాయని, వాటిని రుద్దుకుని వేడి చేసుకున్నాకే పిల్లల్ని ముట్టుకునేది. ఉడత బరువు బాగుందంది. పళ్లు బాగున్నాయంది. తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, అదీ బాగుందంది. ఆవిడ బాగుందన్నప్పుడల్లా అత్తయ్య కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

“మాటలేమైనా వచ్చాయా?” అని అడిగింది డాక్టరమ్మ.

“మాటలకేం తొందరండీ” అంది అత్తయ్య. “వీళ్ల నాన్న మూడేళ్లు నిండేదాకా నోరు విప్పలేదు. ఇప్పుడూ విప్పడనుకోండి, అది వేరే సంగతి.”

డాక్టరమ్మ నవ్వి నా వైపు తిరిగింది. “అమ్మా అంటుందా?”

“అంటుంది” అన్నాను. అనేశాక ఆలోచించాను. “అంటే, అన్నట్టే ఉంటుందండీ.”

“పిలిస్తే చూస్తుందా?”

“ఓ! తుర్రున వచ్చేస్తుంది” అంది అత్తయ్య.

డాక్టరమ్మ ఉడతను కింద కూర్చోబెట్టి, చక్రాలున్న కొయ్యగుర్రం ఒకటి చేతికిచ్చింది. సొరుగులోంచి చిన్న గంట తీసుకుని దాని వెనక్కి వెళ్లి ఆడించింది. ఉడత గుర్రాన్ని ముందుకి తోసింది. డాక్టరమ్మ గిలక్కాయ ఆడించింది, చప్పట్లు కొట్టింది. ఉడత గుర్రాన్ని వెనక్కి లాగింది.

“ఆటలో పడితే దీనికి లోకం పట్టదండీ” అన్నాను.

“మీరు పిలవండి.”

పిలిచాను. రోజూ ఎలా పిలుస్తానో అలాగే పిలిచాను. గుర్రం తోక ఉడత బుగ్గన చేరింది.

“అలా కాదు, ఉండండి” అని అత్తయ్య లేచి, చెప్పు విడిచి, మడమతో నేల మీద ఒక్క తన్ను తన్నింది. బయట వరసలో కూర్చున్న వాళ్లు కూడా తొంగిచూశారు.

మా ఇంట్లో పిలుపంటే అదే. కింద రాగి పాత్రల కార్ఖానా, పైన మేము. పొద్దున మొదలుపెడితే మామయ్యా, మా ఆయనా దాగలి ఇనపదిమ్మె మీద రేకు పెట్టి సుత్తులతో సాగగొడుతూనే ఉంటారు. మనిషి కూర్చుంటే మునిగేంత కాగులు చేస్తారు. ఆ మోతలో నోటితో పిలవడమంటే బూడిదలో పోసిన పన్నీరే. అందుకని పైన చెక్కల నేల మీద మడమతో తంతాం. కింద కప్పుకి వేలాడే బల్బు ఊగుతుంది, అన్నానికి పిలుస్తున్నారని వాళ్లకి తెలుస్తుంది. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవాలన్నా అదే పద్ధతి. కోపమైతే గట్టిగా తంతాం, ముద్దయితే కాలివేలితో తడతాం. ఉడత పాకడం నేర్చిన నాటినుంచీ, నేలని తడితే చాలు, ఎక్కడున్నా గిర్రున తిరిగి చూసేది.

ఆసుపత్రి నేల మాత్రం నున్నటి బండలు. అత్తయ్య ఇంకోసారి తన్నింది. ఈసారి నొప్పి పుట్టి ఉంటుంది, ముఖం చిట్లించింది. ఉడత గుర్రాన్ని కుర్చీ కింద దాచే పనిలో ఉంది.

“మీ ఇంట్లో నేల ఏమిటమ్మా?” అని అడిగింది డాక్టరమ్మ నన్ను.

“చెక్కలండీ.”

ఆవిడ చెప్పుతో నేల బండని ఒకసారి తట్టి చూసింది. ఆ తర్వాత ఉడతను ఎత్తుకుని, “సూది ఇవాళే వేసేద్దాం. చెవుల పరీక్ష ఒకటి చేయించాలి, పెద్దాసుపత్రికి రాసిస్తాను. కంగారు పడకండి. కానీ ఆలస్యం చేయకండి” అంది.

సూది వేస్తే ఉడత ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. దారి పొడుగునా అత్తయ్య సణుగుతూనే ఉంది. “ఇంత గొంతున్న పిల్లకి చెవుల్లేవంటుందేమిటి ఆవిడ! తనవి ఓసారి చూపించుకోమను.”

ఇంటికి చేరగానే అత్తయ్య చేసిన మొదటి పని, ఉడతను వెనకగదిలో దింపి, తను ముందుగదిలోకి వచ్చి నేల మీద తన్నడం. ఉడత బుడిబుడి అడుగులతో పరిగెత్తుకొచ్చి ఆవిడ కాళ్లకి చుట్టుకుంది. “చూశావా? చూశావా?” అని అత్తయ్య కళ్లు తుడుచుకుని, సగం ఉడికిన కూరను మళ్లీ పొయ్యి మీద పెట్టింది. నేనూ నవ్వాను. హాయిగా తిన్నాను కూడా.

మధ్యాహ్నం మళ్లీ సుత్తులు మొదలయ్యాయి. అది నా వేళ.

ఆ వేళ ఏమిటో చెప్పాలంటే మా చిన్నోడి గురించి చెప్పాలి. ఉడతకంటే ముందు నాకొక కొడుకు. ఆ మోతలోనే పుట్టాడు, ఆ మోతలోనే నిద్రపోయేవాడు. సుత్తులు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచి గుక్కపట్టేవాడు. అన్నానికని మామయ్య సుత్తి కింద పెట్టాడో లేదో, పైన వెనకగదిలో వాడు రాగం అందుకునేవాడు. “వీడు నాకు మనవడు కాదురోయ్, మేస్త్రి. పని ఆగితే ఊరుకోడు” అని మామయ్య ఎత్తుకుని కార్ఖానా అంతా తిప్పేవాడు. పాకడం రాకముందే, ఒక వానాకాలం జ్వరం వాణ్ని తీసుకుపోయింది.

అత్తయ్య ఉయ్యాల విప్పించేసింది. బట్టలు ఎవరికో ఇచ్చేసింది. “వాడి ఊసెత్తకు. తలుచుకుంటూ ఉంటే పోయినవాళ్లు పోలేరు. పోనివ్వు వాణ్ని” అని నాకు గట్టిగా చెప్పింది. ఆ తర్వాత ఆ ఇంట్లో వాడి మాట ఎవరి నోటా రాలేదు. మా ఆయన అసలే మాటలాడడు. మామయ్యకు అసలే వినపడదు, సుత్తులు ఏనాడో ఆయన చెవులు తినేశాయి.

నేను చూస్తే కూరగాయల మార్కెట్‌లో వేలంపాట పాడేవాడి కూతుర్ని. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ తిట్టేది. మా ఆయనతో కాపురం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని పుట్టింటికి వెళ్లినప్పుడల్లా చెప్పి అందర్నీ నవ్వించేదాన్ని. అలాంటి నన్ను, కడుపులో ఉన్న ఒకే ఒక్క మాటని మింగేసి బతకమన్నారు. అప్పటినుంచే నాకు వాడి ఏడుపు వినిపించడం మొదలైంది. సుత్తులు ఆగేవి, వెనకగదిలో వాడు లేచేవాడు. వెళ్లి చూస్తే ఉయ్యాల కట్టిన కొక్కెం ఉండేది, అంతే.

ఉడత పుట్టాక నాకొక దారి దొరికింది. సుత్తులు మోగుతుండగా దాన్ని ఒళ్లో వేసుకుని వెనకగది కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఆ మోత కింద నేనేం చెప్పినా పక్క గదిలో అత్తయ్యకి వినపడదు. “నీకొక అన్న ఉండేవాడే” అని మొదలుపెట్టేదాన్ని. వాడు ఎండలోకి తెస్తే తుమ్మేవాడని, నా చూపుడువేలు తప్ప ఇంకే వేలు ఇచ్చినా ఒప్పుకునేవాడు కాదని, తాత మీసం పీకాడని, గుర్తొచ్చినవన్నీ చెప్పేదాన్ని, చెప్పిందే మళ్లీ చెప్పేదాన్ని. ఉడత నా పెదవుల వంకే కళ్లార్పకుండా చూసేది. ఎంత శ్రద్ధగా వింటోందో అని మురిసిపోయేదాన్ని. సుత్తులు మోగుతున్నంతసేపూ మా చిన్నోడు బతికి ఉండేవాడు. ఆగాక కూడా ఏడ్చేవాడు కాదు. వాడి సంగతి తెలిసిన మనిషి ఇంకొకరు ఉన్నారు కదా, ఊరుకున్నాడనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నేను ఉడతను ఒళ్లో వేసుకోలేదు. మంచం మీద, పరుపు మధ్యలో కూర్చోబెట్టి చేతికి గరిటె ఇచ్చాను. వెనక్కి వెళ్లి పిలిచాను. సుత్తుల మోత ఉంది కాబట్టి వినపడలేదేమో అనుకుని, వాళ్లు రేకు మార్చుకునేటప్పుడు దొరికిన నిశ్శబ్దంలో పిలిచాను. మా నాన్న కూతురిలా పిలిచాను, సంత చివరిదాకా వినపడేలా. ఉడత గరిటెలో తన ముఖం చూసుకుంటోంది.

“నీకొక అన్న ఉండేవాడే” అన్నాను దాని వీపుతో.

గరిటె బుగ్గన పెట్టుకుంది. నేను దాన్ని ఎత్తి నేల మీద దింపి, దూరంగా జరిగి, కాలివేలితో చెక్కని తట్టాను. గిర్రున తిరిగి నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు చచ్చేంత భయం వేసింది.

ఇంతకాలం నేను ఎవరికి చెప్పాను? ఆ చెప్పినవన్నీ ఎక్కడికి పోయాయి? గోడలకు చెవులుంటాయంటారు, ఆ ఇంట్లో గోడల చెవులు కూడా మోతకి ఏనాడో పోయి ఉంటాయి. నేనలా నిలబడి ఉండగానే కింద సుత్తులు ఆగాయి. వెనకగదిలో మా చిన్నోడు లేచి ఏడ్చాడు.

మా ఆయనతో చెప్పడానికి కిందకి వెళ్లాను. భుజం తడితే గానీ చూడలేదు.

“పిల్లకి వినపడటం లేదు” అని అరిచాను.

“కాలితో తడితే వస్తోందిగా.”

“అది నేలని వింటోంది. మనల్ని కాదు.”

ఆయన సుత్తి పట్టుకునే నా వంక చూశాడు. రేకుని తిప్పి మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. దెబ్బలు మాత్రం తప్పు చోట పడుతున్నాయి. ఆ కాగు అంచు వంకరపోయి, తర్వాత కరిగించాల్సి వచ్చింది.

పెద్దాసుపత్రిలో పరీక్షకి వరస చాలా పెద్దది. ఎండలు ముదిరాక రమ్మన్నారు. ఆ మధ్యలో ఇల్లు రెండుగా చీలింది. అత్తయ్య రోజుకోసారి నేల తన్ని పిల్లని రప్పించి, గెలిచినట్టు నా వంక చూసేది. మా ఆయన ఎటూ చెప్పడు. మామయ్యకి ఎవరూ చెప్పలేదు. అందరి ముఖాలూ చూసి ఆయనే ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగాడు. “ఏమైంది మీకందరికీ? ఎవరు పోయారు?”

అత్తయ్య ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. “చెవులు వినపడవంటున్నారు!”

“తెలుసుగా. కొత్తగా చెప్పేదేముంది?”

“మీకు కాదు! పిల్లకి!”

మామయ్య కలిపిన ముద్దని తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కుని లేచాడు. ఉడతను చంకనేసుకుని మెట్లు దిగాడు. వెనకే మేమందరం దిగాం.

కార్ఖానా వెనక మట్టినేల పెరడు ఉంది. అక్కడ ఉడతను మట్టిలో కూర్చోబెట్టి ముందు కాసిని రివిట్లు, రేకులు అతికే మొద్దు మేకులు, పోశాడు. అవి ఏరుకోవడం దానికి పరమానందం. మా ఆయన్ని లోపలికి పంపి కొలిమి గాలిపంకా కూడా ఆపించాడు. పని దినం మిట్టమధ్యాహ్నం కార్ఖానా అలా మూగబోవడం నేను ఆ ఇంటికి వచ్చాక చూడలేదు. మామయ్య ఇత్తడి పళ్లెం, చిన్న సుత్తి పట్టుకుని పిల్ల వెనక నిలబడ్డాడు.

అప్పుడు మా చిన్నోడు లేచాడు. పైన, వెనకగదిలో. నేను తలెత్తి కిటికీ వంక చూశాను. చూడకుండా ఉండలేను, ఆ ఏడుపు అలాంటిది. కిటికీ మీదనుంచి చూపు దించుతుంటే అత్తయ్య కనిపించింది. ఆవిడ కూడా తలెత్తి అదే కిటికీని చూస్తోంది.

మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఆవిడ చప్పున కొంగు సర్దుకుంది.

మామయ్య పళ్లేన్ని కొట్టాడు. పక్కింటి గోడ మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఉడత రివిట్లు ఏరుకుంటోంది. ఇంకోసారి కొట్టాడు, వంగి దాని తల వెనకే కొట్టాడు. పావురాల నీడ మట్టి మీద పరిగెత్తింది. నీడని చూసి ఉడత తలెత్తి, ఆకాశంలో పావురాల్ని చూసి చప్పట్లు కొట్టి నవ్వింది. చేసేదేమీ లేక మేం నలుగురమూ పావురాల్నే చూస్తూ నిలబడ్డాం.

మర్నాటి నుంచి మామయ్య సుత్తి ముట్టుకోలేదు. “నా మోతే దాని చెవులు తినేసింది. కడుపులో ఉన్నప్పుడే తినేసింది” అని దాగలి పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. మా ఆయన ఒక్కడే కొడుతుంటే, “ఆపరా” అని చేత్తో సైగ చేసేవాడు. కాగులు కావాలని వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోయారు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. బయటివాళ్లకి అది ఎలా ఉండేదో గానీ, నాకు మాత్రం ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సుత్తులు మోగితే కదా వాడు నిద్రపోవడం. ఇప్పుడు పొద్దు పొడిచింది మొదలు గుక్క తిప్పుకోకుండా ఏడ్చేవాడు. గిన్నెలు తోముతుంటే వినపడేది, బట్టలు పిండుతుంటే వినపడేది. ఎత్తుకోవడానికి చేతులు వాటంతటవే లేచేవి. ఉడతను ఎత్తుకునేదాన్ని. అది నా పెదవుల వంక చూసేది, ఏదో ఒకటి చెప్పమన్నట్టు. నోరు విప్పబోయి మూసేసేదాన్ని.

అత్తయ్య కూడా మారిపోయింది. వెనకగది తలుపు వేసి గడియపెట్టింది. కాసేపటికి వచ్చి తనే తీసింది. అక్కర్లేకపోయినా గిన్నెలు దబదబా దించేది, పగలంతా కుళాయి ధారగా వదిలేసేది. ఉడతను నేల తన్ని పిలవడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో చెవుల మీద రెండు చేతులూ కప్పుకుని నిలబడి ఉంటే చూశాను. నన్ను చూసి చేతులు దించి, “తలనొప్పి” అంది.

“అత్తయ్యా” అన్నాను.

“తలనొప్పన్నాగా.”

ఆ సాయంత్రమే ఆవిడ మెట్లు దిగి కార్ఖానాలోకి వెళ్లింది. నేను మెట్ల మీదే ఆగిపోయాను. అత్తయ్య మూలనున్న పెద్ద సుత్తిని రెండు చేతులతో మోసుకొచ్చి మామయ్య ఒళ్లో పెట్టింది.

“కొట్టండి” అంది.

మామయ్యకి ఆ మాట వినపడిందో, పెదవులు చూసి పోల్చుకున్నాడో. “పిల్ల చెవులే...” అన్నాడు.

“కొట్టండి. ఏదో ఒకటి కొట్టండి. పగిలిపోయేదైనా సరే కొట్టండి!” అని ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. చిన్నోడు పోయిన రోజున కూడా చూడలేదు. మామయ్య బెదిరిపోయి, చేతికందిన తుక్కురేకు ఒకటి దాగలి మీద పెట్టి కొట్టాడు. కొడుతూ కొడుతూ తనూ ఏడ్చాడు. ఆ మోతకి పైన నా పాపడు ఊరుకున్నాడు. అత్తయ్య భుజాలు నెమ్మదిగా కిందకి దిగడం నేను చూశాను. ఇద్దరికీ ఒకే క్షణంలో ఊపిరి ఆడింది.

మెట్లెక్కి నా పక్కనుంచి పోతూ, “ఎండలు ముదిరేదాకా వరస రాదంటావా ఆసుపత్రిలో?” అని అడిగింది, అంతకుముందు జరిగిన దానితో తనకేమీ సంబంధం లేనట్టు. నేను పక్కకి జరిగి దారిచ్చాను. ఏమని అడగను? మీకూ వినపడుతోందా అని అడిగితే, ఆవిడ అవునంటే నాకు భయం, కాదంటే ఇంకా భయం.

ఎండలు ముదిరి, గాలి దుమ్ము లేచే రోజుల్లో పెద్దాసుపత్రి నుంచి పిలుపొచ్చింది. చెవుల పరీక్ష చేసేది పడుచు పిల్ల, మాటకి ముందు నవ్వు. గోడలకీ తలుపుకీ కూడా మెత్తలు కుట్టిన చిన్న గదిలోకి మమ్మల్ని తీసుకెళ్లి తలుపు వేసింది. బయటి చప్పుడు చీమ కాలంత కూడా లోపలికి రాలేదు. ఉడతను ఒళ్లో పెట్టుకుని నేను ఊపిరి బిగబట్టాను. ఇంత నిశ్శబ్దంలో వాడు ఎంత గట్టిగా ఏడుస్తాడో అని. ఏడవలేదు. ఆ గదిలోకి వాడు రాలేదు. వాడికి మా ఇల్లు తప్ప ఇంకేం తెలుసు?

పరీక్ష అయ్యాక ఆ అమ్మాయి నవ్వకుండా చెప్పింది. మామూలు మాటలు దీనికి బొత్తిగా చేరవు. ఉరుములాంటిదేదో ఎక్కడో కాస్త చేరుతుంది. రెండు చెవులకీ మిషన్లు పెడితే మన మాట చేరే అవకాశం ఉంది. ఇప్పుడే పెడితే మాటలు నేర్చుకుంటుంది, జాగు చేస్తే కష్టం.

మామయ్య ముందుకి వంగాడు. “నా సుత్తులా అమ్మా? నా సుత్తుల వల్లేనా?”

“పుట్టుకతోనే అయి ఉంటుంది తాతగారూ. ఎందుకన్నది అన్నిసార్లూ తెలీదు.”

ఆయనకి అది వినపడలేదు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది కాబట్టి అర్థం చేసుకున్నాడు, కానీ నమ్మలేదు. ఉడత చెవుల కొలత తీయడానికి మెత్తటి మైనంలాంటిది పెట్టారు. అది తీసేలోగా ఉడత ఒక ముద్ద బుగ్గన పెట్టుకోబోతే, మా ఆయన చటుక్కున చెయ్యి పట్టుకుని, “వద్దు తల్లీ” అన్నాడు. ఆ నెలలో ఆయన నోటివెంట వచ్చిన మాటల్లో పిల్లతో అన్నది బహుశా అదొక్కటే. అన్నాక, వినపడదని గుర్తొచ్చి ముఖం అటు తిప్పుకున్నాడు.

మిషన్లు తయారయ్యాయని కబురొచ్చేసరికి తొలకరి పడింది. ఈసారి అత్తయ్య కూడా వచ్చింది, అందరం వెళ్లాం. కార్ఖానాకి తాళం వేయడం కూడా అదే మొదటిసారి. తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, మెత్తల గదిలో ఇరుక్కుని కూర్చున్నాం. మామయ్య, మా ఆయన బల్లమీద, అత్తయ్య తలుపు పక్కన కుర్చీలో. నేను ఉడతను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. చిక్కుడుగింజంత మిషన్లు. ఆ అమ్మాయి వాటిని ఉడత చెవుల వెనక తగిలిస్తుంటే, తినేవేమో అని ఉడత చెయ్యి చాపింది.

“ఇప్పుడు ఆన్ చేస్తాను. ఏడిస్తే భయపడకండి, కొందరు ఏడుస్తారు. మొదట అమ్మ గొంతే వినాలి. మాట్లాడండమ్మా.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా. రోజూ పాపతో ఏం చెబుతారో అదే చెప్పండి.”

ఉడతను నా వైపు తిప్పుకున్నాను. ఆ అమ్మాయి వేలితో ఏదో నొక్కింది. ఉడత కళ్లు పెద్దవయ్యాయి. ఒళ్లంతా బిగుసుకుంది. గదిలో ఎవరి బట్టలో కదిలిన చప్పుడు కూడా దానికి చేరుతోందేమో, రెప్ప వేయడం లేదు.

నాకు మాట రాలేదు. వేలంపాటగాడి కూతురికి, నోట్లో నువ్వుగింజ నాననిదానికి, ఒక్క మాట రాలేదు. అమ్మా అను, బంగారం, ఇటు చూడు, ఇలాంటివి ఎన్ని లేవు? ఏ తల్లయినా అవే అంటుంది. అవి చెప్పి ఊరుకుంటే ఎవరికీ ఏ బాధా లేదు. మోత కింద చెప్పుకున్నవన్నీ మోతలోనే ఉండిపోతాయి. అత్తయ్య నా వంక చూస్తోంది. నేనేం అనబోతున్నానో ఆవిడకి తెలిసిపోయిందని ఆవిడ చేతులు చూస్తే తెలిసింది. కుర్చీ అంచుని పట్టుకుని ఉన్నాయి.

“మాట్లాడండమ్మా” అంది ఆ అమ్మాయి మెల్లగా.

“నీకొక అన్న ఉండేవాడే” అన్నాను.

ఉడత పెదవులు వణికాయి. ఏడవలేదు. ఇంతకాలం చూస్తున్న పెదవుల నుంచి ఇంకేదో కూడా వస్తోందని దానికి ఆశ్చర్యం. చెయ్యి చాపి నా నోరు పట్టుకుంది. దాని వేళ్ల మధ్యనుంచే మళ్లీ చెప్పాను. “నీకొక అన్న ఉండేవాడు. ఎండలోకి తెస్తే తుమ్మేవాడు.”

మా ఆయన ముఖాన్ని రెండు చేతుల్లో దాచుకున్నాడు. మిషన్ల అమ్మాయికి ఏమీ అర్థం కాక మా అందరి వంకా చూసింది. మామయ్య ఒక్కడే, కొడుకుని చూసి, నన్ను చూసి, ఏదో జరిగిపోయిందని కంగారుపడ్డాడు.

“ఏమంటోంది?” అన్నాడు. “కోడలు ఏమంటోంది?”

ఎవరూ చెప్పలేదు.

“ఏమంటోందే? వినపడిందా పిల్లకి? చెప్పరేం?”

అత్తయ్య లేచింది. తలుపు తీసుకుని బయటికి పోతుందనుకున్నాను. పోలేదు. వెళ్లి మామయ్య పక్కన నిలబడి, ఆయన తల మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగింది. చాలాసేపు అలా వంగే ఉంది. ఆవిడ నోరు తెరవడం, మూయడం కనిపించింది. ఆ తర్వాత, ఆ మెత్తల గోడలు కూడా ఆపలేనంత గట్టిగా అరిచింది.

“మన చిన్నోడి సంగతి చెబుతోంది! మన చిన్నోడి సంగతి!”

ఉడత నా నోటి మీది చెయ్యి తీసి, తల తిప్పి, నానమ్మ వైపు చూసింది.